గూటి జోలికి పోవాల్సిందే

మార్చి 20, ప్రపంచ పిచ్చుకల దినం దగ్గరపడిందంటే పిచ్చుక గూళ్ల పంపకం మొదలవుతుంది. ప్లైవుడ్ డబ్బాలు, చెప్పుల అట్టపెట్టెలు, పక్కకు బొక్క కొట్టిన మట్టి కుండలు. ముఖ్య అతిథి వస్తాడు, పిల్లలు వరుసలో నిలబడతారు, ఫొటో దిగుతారు, మర్నాడు జిల్లా పేజీలో పడుతుంది. చివర్లో మైకు పట్టుకున్నాయన ఒక జాగ్రత్త తప్పకుండా చెప్తాడు: "డబ్బా కట్టినంక దాని జోలికి పోవద్దు బిడ్డా. మనిషి చెయ్యి తలిగితే ఆ వాసనకు తల్లి పిట్ట గూడిడిసి పోతది."

స్టేషన్ ఘన్‌పూర్‌లోనైనా, జనగామలోనైనా, హనుమకొండలోనైనా ఇదే మాట. పంతుళ్లు నమ్ముతారు, పర్యావరణం పేరున పనిచేసే సంఘాలవాళ్లు నమ్ముతారు. జాలిగుండె ఉన్నవాళ్ల మాటలాగా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు మాటే. గూటిపెట్టె కట్టి దాని జోలికి పోకపోవడం పిట్టకు చేసే మేలు కాదు. గుడ్లు పెట్టే కాలమంతా వారానికోసారి తలుపు తీసి చూసే మనిషి లేకపోతే, ఆ పెట్టె అసలు కట్టకపోవడమే నయం.

పోయిన ఏడు పంచిన డబ్బాల్లో ఎన్నింట్లో పిచ్చుక చేరింది? ఎన్ని గుడ్లు పెట్టింది? ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి? పంచినవాళ్లను అడిగి చూడండి. ఎన్ని డబ్బాలు పంచారో టక్కున చెప్తారు, ఆ మూడు ప్రశ్నలకు మాత్రం జవాబు రాదు. జోలికి పోవద్దని చెప్పింది వాళ్లే కదా, ఇక జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది?

మా వైపు ఒక బడిలో సున్నాలు వేయించేటప్పుడు వరండా బయట కట్టిన డబ్బాలు కిందికి దించారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒకదాని నిండా కందిరీగల గూడు, పిట్ట జాడ లేదు. ఒకదాంట్లో బల్లి గుడ్ల పెంకులు. ఇంకొకటి పడమటి గోడకు, రేకు సజ్జ కింద మేకు కొట్టి తగిలించింది. అందులో గడ్డి ఉంది, నూలు పోగులు ఉన్నాయి, కోడి ఈక ఒకటి ఉంది, వాటి మీద మూడు పిల్లలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. రెక్కల ఈకలు ఇంకా గొట్టాల్లోంచి విచ్చుకోలేదు. మేనెల మధ్యాహ్నం ఈ జిల్లాలో రేకు సజ్జ కింద, గాలి ఆడే సందు లేని పల్చటి ప్లైవుడ్ డబ్బా ఎంత కాగుతుందో ఊహించుకోవడానికి థర్మామీటర్ అక్కర్లేదు. ఏప్రిల్‌లో ఒక్కసారి ఎవరైనా చూసి ఉంటే దాన్ని తూర్పు గోడకు మార్చేవాళ్లు. గుడ్లు పెట్టకముందే చూసి ఉంటే ఆ పెట్టెనే దించేసేవాళ్లు. చూడలేదు, ఎందుకంటే చూడొద్దని చెప్పారు. ఆ పిచ్చుక తనంతట తాను వెతుక్కుంటే ఆ గోడకు వచ్చేది కాదేమో. మనం పిలిస్తే వచ్చింది.

ముందు ఈ వాసన సంగతి తేల్చుకుందాం. పిట్టలకు వాసన బొత్తిగా తెలియదని కాదు. కొన్ని సముద్రపు పక్షులు, అమెరికాలో ఒక జాతి రాబందు వాసన పట్టే తిండి వెతుక్కుంటాయి. కానీ పిచ్చుక, గోరింక, పాలపిట్ట బతికేది కళ్లతో, చెవులతో. గూట్లోని పిల్లలను చేత్తో తీసి, తూకం వేసి, కాలికి రింగు తొడిగి మళ్లీ గూట్లో పెట్టడం పక్షి శాస్త్రజ్ఞులు ఎన్నో దేశాల్లో ఏటా చేసే పని. మనిషి వాసనకు తల్లులు పారిపోయేవే అయితే ఆ పని ఎప్పుడో ఆగిపోయేది. అంత దూరం ఎందుకు, పిచ్చుకనే చూడండి. మనిషి వాసన గిట్టని పిట్టయితే మన నట్టింట్లోకి ఎందుకొస్తుంది? సీలింగ్ ఫ్యాన్ కప్పులో, కరెంటు మీటరు డబ్బాలో, కిరాణం కొట్టు షట్టర్ చుట్టలో గూడు ఎందుకు పెడుతుంది? స్టేషన్ ఘన్‌పూర్ బజారులో పొద్దున షట్టర్ లేపేటప్పుడు పైనుంచి గడ్డిపోచలు రాలే కొట్టు ఏదో చూపించమంటే ఎవరైనా చూపిస్తారు. ఆ షట్టర్ రోజుకు రెండుసార్లు గడగడ మోగుతుంది. పిచ్చుక దానికీ అలవాటు పడింది.

మరి పిట్ట గూడు వదిలేసి పోవడమన్నదే అబద్ధమా? కాదు. వదులుతుంది. వాసనకు కాదు, బెదురుకు. గూడు అల్లుకునే రోజుల్లో, గుడ్లు పెట్టే ఆ నాలుగైదు రోజుల్లో, పొదుగు మొదలైన తొలినాళ్లలో దానికి ఆ చోటు మీద ఇంకా గురి కుదరదు. అప్పుడు ఎవరైనా పదే పదే వచ్చి అరగంటసేపు అక్కడే నిలబడితే, రాత్రిపూట టార్చి కొడితే, ఈ చోటు మంచిది కాదనుకుని పోతుంది. పిల్లలు బయటపడ్డాక తల్లి అంత తేలిగ్గా వదలదు. మళ్లీ చివర్లో ఇంకో గండం ఉంది. ఈకలు వచ్చి ఎగరడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు, తలుపు తీయగానే బెదిరి, రెక్కలు కుదరకముందే బయటికి దూకుతాయి. కింద పిల్లి ఉంటే అంతే. గూటికి పోవద్దన్న మాటలో నిజం ఏదైనా ఉంటే ఇంతే ఉంది. దాన్నిబట్టి తేలేది ఎప్పుడు పోవాలో తెలుసుకుని పొమ్మని. కొత్తగా బండి నేర్చుకునేవాడికి బ్రేకు ఎక్కడుందో చూపిస్తాం గానీ జన్మలో బండెక్కొద్దని చెప్పం కదా.

చూసే పద్ధతి కష్టమైనదేం కాదు. పక్క పలక ఒక మేకు మీద తిరిగేలా చేసిన పెట్టె కావాలి. నాలుగు వైపులా మేకులు కొట్టేసిన పెట్టె పిట్టకూ పనికిరాదు, మనకూ పనికిరాదు. వారానికోసారి, పొద్దున్నే గుడ్డు పెట్టే వేళ దాటాక, ఎండ ముదరకముందు పోవాలి. వాన పడుతుంటే వద్దు. వేలితో మెల్లగా రెండుసార్లు తడితే తల్లి ఎగిరిపోతుంది. పలక జరిపి ఒక్క చూపు చూసి, కావాలంటే ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఒక్క ఫొటో తీసుకుని, మూసేసి వెనక్కి రావాలి. తల్లి కదలకుండా కూర్చుంటే కదిలించొద్దు, పలక మూసి వచ్చేయాలి. మొత్తం నిమిషం పని. పిచ్చుక గుడ్లు పన్నెండు రోజులకు అటూ ఇటుగా పొదుగుతాయి, పిల్లలు మరో రెండు వారాలకు ఎగిరిపోతాయి. పిల్లలు బయటపడ్డ పదో రోజు నుంచి పలక ముట్టొద్దు, దూరం నుంచే చూడాలి. ఎగిరిపోయాక పాత గడ్డి తీసి, దులిపి, ఎండబెట్టాలి. పిచ్చుక ఒకే ఏడాదిలో మళ్లీ పెడుతుంది. పాత గూడు మీద కొత్త గూడు, దాని మీద ఇంకోటి పడుతూ పోతే గోమార్లు, పురుగులు కాపురం పెడతాయి, గూడు పైకి లేచి బొక్క దగ్గరికి వస్తుంది, అప్పుడు కాకి ముక్కు పిల్లలకు అందుతుంది. ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో తేదీ, డబ్బా నంబరు, గడ్డి, గుడ్లు, పిల్లలు రాసుకోవాలి. పుస్తకం లేకపోతే చూసినా దండగే, మూడో వారానికి ఏది ఏ డబ్బానో ఎవరికీ గుర్తుండదు.

ఈ నాలుగు అక్షరాలు ఎందుకంటే, అవి లేకపోతే కారణం చిక్కదు. పిచ్చుక పెట్టెలో చేరకపోతే తప్పు చోటులోనో, బొక్క కొలతలోనో ఉంది. పిచ్చుకకు ఒకటింబావు అంగుళం బొక్క చాలు. మనవాళ్లు రెండంగుళాలు కొట్టి, అందంగా ఉంటుందని దాని కింద ఒక పుల్ల కూడా గుచ్చుతారు. ఆ పుల్లతో పిచ్చుకకు పనిలేదు, గుడ్లు తినడానికి వచ్చే కాకికి మాత్రం అది మంచి ఆసరా. గుడ్లు పెట్టాక మాయమైతే అది కాకి పనో, ఉడుత పనో, పాము పనో అయ్యుంటుంది. పిల్లలు బయటపడి మూడు నాలుగు రోజుల్లో పోతే ఇల్లు బాగానే ఉంది, తిండి లేదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు పెట్టేది మెత్తటి పురుగులు. చుట్టూ పత్తి చేలకు మందు కొడుతుంటే గుమ్మానికి వరి కంకుల కుచ్చులు ఎన్ని వేలాడదీసినా ఆ పిల్లలు బతకవు. ఇక పిల్లలు పెద్దవయ్యాక ఒకేసారి అన్నీ పోయాయంటే ముందు అనుమానించాల్సింది ఎండను. ఒక్కోదానికి మందు ఒక్కోటి. ఏ రోజు ఏం కనిపించిందో తెలిస్తేనే ఏ మందో తెలుస్తుంది. చూడనివాళ్లకు అన్ని చావులూ ఒకేలా కనబడతాయి.

అలా కనబడబట్టే అన్నింటికీ సెల్ టవరే కారణమైంది. 2018లో వచ్చిన '2.0' సినిమా చూశాక ఈ నమ్మకం ఊరూరికీ పాకింది. బ్రిటన్‌లో పిచ్చుకలు తగ్గడం 1970ల చివర్లోనే మొదలైంది, అప్పటికి అక్కడ సెల్‌ఫోన్ లేదు. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ మాట 1995 జులై 31న మోగింది. 2020లో మన దేశపు పక్షి శాస్త్ర సంస్థలు కలిసి విడుదల చేసిన నివేదిక చూస్తే, హైదరాబాద్‌లాంటి మహానగరాల్లో పిచ్చుక తగ్గింది, దేశం మొత్తం మీద పాతికేళ్లలో దాదాపు నిలకడగానే ఉంది. టవర్లే చంపుతున్నాయనడానికి ఆధారం ఉందని ఆ నివేదిక చెప్పలేదు. పురుగులు తగ్గడం, గూటికి చోటు లేకపోవడం వైపే అది వేలు చూపించింది. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చాక వాసాల సందు ఎక్కడిది?

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. అమెరికాలో బ్లూబర్డ్ అని ఒక పిట్ట ఉంది. గోరింక కంటే చిన్నది, వీపు నీలం, రొమ్ము ఇటుక రంగు. మనవాళ్లు వేలమంది న్యూజెర్సీలో, టెక్సాస్‌లో, నార్త్ కరోలినాలో ఉంటున్నారు కదా, వాళ్ల పెరటి కంచెల మీద వాలే పిట్టే. అది తొర్రలో గూడు పెడుతుంది, కానీ తొర్ర తొలుచుకోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి రెండు పిట్టలను తెచ్చి అక్కడ వదిలారు. 1850ల్లో మొదటిది వచ్చింది. 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో రెండోది, స్టార్లింగ్‌ను వదిలారు. ఆ మొదటిది ఎవరనుకున్నారు? మనం గుండెలకు హత్తుకునే ఈ పిచ్చుకే. అక్కడ అది తొర్రలు ఆక్రమించుకుంది. గూట్లోకి దూరి బ్లూబర్డ్ గుడ్లు పగలగొడుతుంది, పొదుగుతున్న తల్లిని తల మీద పొడిచి చంపి, ఆ శవం మీదే తన గడ్డి పరుచుకుంటుంది. బ్లూబర్డ్‌లు తగ్గిపోయాయి.

1930ల్లో ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో మసల్‌మన్ అనే ఆయన పల్లె దారుల వెంట పెట్టెలు వరుసగా పెట్టడం మొదలుపెట్టాడు. 1978లో లారెన్స్ జెలెనీ చొరవతో ఉత్తర అమెరికా బ్లూబర్డ్ సొసైటీ పుట్టింది. దారుల వెంట, పొలాల గట్ల మీద, గోల్ఫ్ మైదానాల్లో పెట్టెలు వెలిశాయి, పిట్ట తిరిగి పెరిగింది. ఈ కథలో మనవాళ్లు పెట్టె ఒక్కటే చూశారు, వారానికోసారి ఆ పెట్టె తెరిచిన చేతిని చూడలేదు. గుడ్లు పెట్టే కాలమంతా వేలమంది మామూలు మనుషులు, రిటైరైన పోస్టుమ్యాన్లు, రైతులు, బడిపిల్లలు పెట్టెలు తెరిచి చూస్తారు. పిచ్చుక గడ్డి కనబడితే తీసిపారేస్తారు. కందిరీగలను తుడిచేస్తారు. స్తంభానికి రేకు చుట్టి పాము ఎక్కకుండా చేస్తారు. పిల్లలకు రెండో వారం దగ్గరపడగానే తెరవడం మానేస్తారు. చూసుకునే ఓపిక లేకపోతే పెట్టె పెట్టొద్దనే మాట అక్కడ కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట, ఎందుకంటే చూడని పెట్టె బ్లూబర్డ్‌కు ఇల్లు కాదు, పిచ్చుకలను పెంచే కొట్టం. మన మైకు మాటకు ఇది సరిగ్గా తలకిందులు.

అక్కడి పిట్టల సంగతి మనకెందుకనే వాళ్లకు మన దేశపు ముచ్చటే ఒకటి. 1930లో సలీం అలీ బొంబాయి దగ్గరి కిహీంలో గిజిగాడి గూళ్ల ముందు రోజుల తరబడి కూర్చున్నాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతుందని, ఆడది వచ్చి చూసి ఒప్పుకుంటేనే పూర్తి చేస్తుందని, అది పొదుగుతుండగా మగది ఇంకో గూడు మొదలుపెడుతుందని లోకానికి తెలిసింది అలా కూర్చోబట్టే. జోలికి పోవద్దనే ఇంగితం ఆయన పాటించి ఉంటే గిజిగాడి కాపురం ఇప్పటికీ మనకు తెలిసేది కాదేమో. ఇంకా దగ్గరి కాలంలో, అరుణాచల్‌లోని పక్కే అడవిలో న్యీషీ తెగవాళ్లు 2011 నుంచి హార్న్‌బిల్ గూళ్లకు కాపలాదారులు. ఒకప్పుడు ఆ పక్షిని వేటాడిన ఊళ్ల మనుషులే ఇప్పుడు చెట్టు చెట్టుకూ వెళ్లి, తొర్ర మూతపడిందా, మగపక్షి మేత తెస్తోందా, పిల్ల బయటికొచ్చిందా అని రాసుకుంటారు. గూటి దగ్గరికి పోవడం అక్కడ పక్షికి కాపలా అయింది.

ఇక మన పాలపిట్ట దగ్గరికి వద్దాం. నా అసలు గొడవ దీని గురించే. 2014 నవంబరులో తెలంగాణ తన రాష్ట్ర పక్షిగా పాలపిట్టను ప్రకటించింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రానికీ అదే. విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. రెండూ తొర్రలో కాపురం ఉండేవే. పాలపిట్ట తనంతట తాను తొర్ర తొలుచుకోలేదు. వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రో, కొమ్మ విరిగి పుచ్చిన చోటో, తల పోయిన తాటి మోడో దానికి కావాలి. మార్చి నుంచి జూన్ దాకా దాని కాపురం. మూడు నుంచి ఐదు తెల్లటి గుడ్లు. పొదగడానికి రెండున్నర వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెలా పైచిలుకు. అంటే ఒక్క సంసారం ఒడ్డెక్కాలంటే ఆ చెట్టు దాదాపు రెండు నెలలు అక్కడ నిలబడి ఉండాలి.

మనకు ఆ పిట్ట ఎప్పుడు గుర్తొస్తుంది? దసరా నాడు. జమ్మి కొట్టి, పాలపిట్టను చూసి ఇంటికొస్తే ఏడాదంతా శుభమని. అప్పటికి తొర్రలన్నీ ఖాళీ. పట్నంలో కొందరు దాన్ని పట్టుకుని, రెక్కలు కట్టి, కాళ్లకు దారం కట్టి, పంజరంలో పెట్టి పది రూపాయలకూ ఇరవైకీ దర్శనం ఇప్పిస్తారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, అటవీ శాఖ దాడులు చేసి విడిపిస్తూనే ఉంటుంది. అక్టోబరులో ఇంత హడావుడి చేసే మనం ఏప్రిల్‌లో ఒక్క తొర్ర కేసి తలెత్తి చూడం. 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక పాలపిట్ట పేరును ప్రత్యేకంగా ఎత్తి చెప్పింది. అంతటా కనబడే పిట్టే అని ధీమాగా ఉండగానే ముప్పై శాతానికి పైగా తగ్గింది, అంతర్జాతీయ జాబితాలో దాని స్థాయిని మళ్లీ పరిశీలించాలని సూచించింది. పిచ్చుక నిలకడగా ఉంది, పాలపిట్ట జారిపోతోంది. డబ్బాలు మాత్రం పిచ్చుకకు.

అట్లయితే పాలపిట్టకూ పెట్టెలు కడదామని ఎవరో ఒకరు అంటారు. దాని దగ్గరి చుట్టమైన యూరప్ పాలపిట్టకు హంగరీలో, స్పెయిన్‌లో, లాట్వియాలో పెద్ద పెట్టెలు కట్టారు, ఫలితమూ వచ్చింది. లాట్వియాలో మిగిలిన కొద్ది జతలూ పెట్టెల మీద ఆధారపడే బతుకుతున్నాయి. అక్కడా ప్రతి పెట్టెకూ ఒక మనిషి, ఒక పుస్తకం ఉన్నాయి. ఆ రెండూ లేకుండా ఇక్కడ కడితే గోరింకలు సంతోషిస్తాయి, అంతకుమించి జరిగేది లేదు. పైగా మనకు పెట్టెలకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దేవుడిచ్చిన తొర్రలు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. వాటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

లెక్క లేదన్నాను గానీ, ఆ లెక్క నోటికి తెలిసినవాళ్లు ఉన్నారు. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టూ చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద తాళ్లు ఉన్నాయి. చలికాలం చివరి నుంచి ఎండాకాలం దాకా, అంటే సరిగ్గా పాలపిట్ట కాపురం నడిచే రోజుల్లో, గీత కార్మికుడు మోకు వేసుకుని రోజుకు రెండు పూటలా చెట్టెక్కుతాడు. అంత ఎత్తు నుంచి పక్క మోడులోకి చూడగలిగేవాడు ఆయన తప్ప ఇంకొకడు లేడు. ఒకాయనతో మాట కలిపితే, మోకు చుట్టుకుంటూ చెట్టు వైపు తిరగకుండానే చెప్పాడు: "గా పిడుగు వడ్డ మోడుల ఎన్నేండ్ల సంది పెడుతున్నదో సారూ పాలపిట్ట. నేను పక్క తాడెక్కుతే నా నెత్తి మీదికెళ్లి కీసుమనుకుంట ఉరుకుతది. పోయినేడు దాని కింద ప్లాట్లు చేసిన్రు, మోడు గొట్టిన్రు. ఎండిన మోడే గదా అన్నరు."

ఎండిన మోడే గదా. పాలపిట్టకు ఈ మాట చేసినంత నష్టం దసరా పంజరాలు చేసి ఉండవని నా అనుమానం. పిడుగు పడి మొవ్వు మాడిన తాడు, కొమ్ము పురుగు తిని తల రాలిన తాడు గీతకు పనికిరావు, నీడకు పనికిరావు, రెవెన్యూ లెక్కలో చెట్టుగా కూడా నిలవవు. తొర్రలో బతికే జీవులకు మాత్రం ఊళ్లో ఉన్న ఇళ్లన్నీ అవే. 2015లో హరితహారం మొదలైన నాటి నుంచి కోట్ల మొక్కలు నాటామంటారు. నాటండి, వద్దనను. కానీ ఇవాళ నాటిన వేపకు పాలపిట్ట దూరేంత తొర్ర పడాలంటే ఇప్పుడు ఆ మొక్కకు నీళ్లు పోస్తున్న పిల్లకు మనవలు పుట్టాలి. ఒక పాత మోడు కొట్టి, బదులుగా పది మొక్కలు నాటామనే లెక్క పిట్టల ప్రపంచంలో చెల్లదు.

లెక్క ఉంటే ఏమవుతుందో ఇదే రోడ్డు మీద చూశాం. మన ఊరి గుండా వరంగల్ పోయే 163 నంబరు జాతీయ రహదారే హైదరాబాద్‌కు అవతల చేవెళ్ల మీదుగా పోతుంది. అక్కడ రోడ్డు వెడల్పుకు తొమ్మిది వందలకు పైగా మర్రి చెట్లు అడ్డమన్నారు. కొందరు పౌరులు ఒక్కో మర్రినీ గుర్తించి, లెక్క రాసి, జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు పెట్టారు. ఏ మర్రి ఎక్కడుందో రాసిన కాగితం చేతిలో ఉంది కాబట్టి వాళ్ల మాట నిలబడింది. యాదాద్రి నుంచి వరంగల్ దాకా మన వైపు ఇదే రోడ్డును నాలుగు వరసలు చేసినప్పుడు, అడ్డొచ్చిన చెట్లలో ఎన్నింటికి తొర్రలున్నాయి, ఎన్ని తొర్రల్లో గుడ్లున్నాయి అని అడగడానికి మన చేతిలో ఒక్క చిత్తు కాగితమైనా ఉందా?

నాకు వచ్చే ఎదురు ప్రశ్నల్లో గట్టిది ఒకటే ఉంది. పక్షుల పత్రికలే గూటి ఫొటోలు వేయబోమంటున్నాయి, పక్షి ప్రేమికుల బృందాలే గూళ్ల ఫొటోలు తీయొద్దంటున్నాయి, నువ్వేమో పొమ్మంటున్నావా అని. ఆ నియమం నాకూ ఇష్టమే. అది ఫొటో పిచ్చి మీద పెట్టిన నియమం. మంచి ఫొటో కోసం గూటికి అడ్డమున్న కొమ్మ విరిచి, పిల్లలను ఎండకూ కాకికీ బయటపెట్టి, గంటలు గంటలు ముక్కాలి స్టాండుతో కూర్చునేవాళ్ల కోసం రాసింది. ఆకు కదపకుండా, నిమిషంలో చూసి, పుస్తకంలో రాసి, ఊరి పేరు కూడా బయట చెప్పని మనిషికీ వాళ్లకూ పోలిక లేదు. తాటి తొర్ర దగ్గరికైతే ఎక్కనే అక్కర్లేదు. యాభై అడుగుల దూరంలో అరగంట కూర్చుంటే చాలు. పిట్ట నోట్లో మిడతతో లోపలికి పోయి ఖాళీ నోటితో బయటికొస్తే లోపల పిల్లలున్నట్టే. ఖాళీ నోటితో పోయి ఎంతకీ బయటికి రాకపోతే పొదుగుతోందన్నమాట. బైనాక్యులర్స్ కూడా లేకుండా ఇంత తెలుస్తుంది.

అనాదిగా పిట్టలు మనం చూడకుండానే బతికాయి కదా అనేది ఇంకో మాట. బతికాయి, తొర్రలున్న రోజుల్లో. తొర్ర కొట్టేసి డబ్బా కట్టిన రోజున ఆ అనాది అయిపోయింది.

పిల్లలకు అవగాహన వస్తుంది కదా అంటారు మూడోవాళ్లు. దేని మీద అవగాహన? డబ్బా కట్టి వెళ్లిపోయిన పిల్లకు మిగిలే జ్ఞాపకం ఆ ఫొటోనే. అదే పిల్ల శనివారం శనివారం పలక జరిపి చూసి, "మొన్న మూడు ఉండె సార్, ఇయ్యాల రెండే ఉన్నయ్, ఒకటేడ వోయింది?" అని అడిగిన రోజు పంతులు పాఠం ఆపి జవాబు వెతకాల్సి వస్తుంది. ఎండాకాలం సెలవులే అడ్డమంటే అదీ నిజమే, ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు. సెలవుల్లో డబ్బా చూసే బాధ్యత బడికి దగ్గర్లో ఇల్లున్న పిల్లలకో, బడి పక్క చాయ్ హోటలాయనకో అప్పజెప్పలేకపోతే ఆ బడి పరిధిలో డబ్బా కట్టొద్దు.

వచ్చే మార్చిలో గూళ్లు పంచబోయే సంఘాలను, దాతలను నేను అడిగేది కొంచెమే. వంద డబ్బాలు పంచే డబ్బుతో పది పంచండి. ముప్పావు అంగుళం మందం చెక్కతో, పక్కకు తెరుచుకునే పలకతో, పైన గాలి ఆడే సందుతో, పుల్ల లేకుండా చేయించండి. ఒక్కోదానికి నంబరు వేసి, ఒక నోటు పుస్తకం, ఒక పేరు జత చేయండి. మిగిలిన డబ్బుతో మీ మండలంలో గీత సొసైటీల దగ్గరికి పోయి, ఏ మోడులో ఏ పిట్ట ఉందో రాయించుకోండి. రాసిన కాగితం ఒకటి పంచాయతీలో, ఒకటి అటవీ శాఖ రేంజి ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. జూన్ దాటాక ఆ పది పుస్తకాలూ వెనక్కి తెప్పించుకుని, పదింట్లో ఎన్ని పిల్లలు ఎగిరాయో అదే జిల్లా పేజీకి ఇవ్వండి. సున్నా అయితే సున్నా అనే ఇవ్వండి. ఆ వార్త వేసుకోవడానికి విలేకరి ఒప్పుకోకపోతే నాకు పంపండి.